నవగోప్యాలూ, మా అపార్టుమెంటు లిఫ్టూ

ఆయువు, విత్తం, ఇంటి గుట్టు, మంత్రం, ఔషధం, సంగమం, దానం, మానం, అవమానం అనే తొమ్మిదింటినీ బయటపెట్టరాదని పెద్దలు శ్లోకం కట్టి మరీ చెప్పారు. వారెవరూ విశాఖపట్నంలో అపార్టుమెంటులో కాపురం చేసి ఉండరు. చేసి ఉంటే లిఫ్టులో పాటించవలసిన మౌనం గురించి మరో శ్లోకం రాసేవారు.

గుట్టు విషయంలో ఈ ఊరికున్న అర్హత సామాన్యమైనది కాదు. తూర్పు నౌకాదళానికి ప్రధాన కేంద్రం ఇదే. 1971 డిసెంబరులో మన తీరానికి చేరువలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఎలా మునిగిందో చెప్పమంటే రెండు దేశాలూ నేటికీ రెండు మాటలు చెబుతాయి. 50 ఏళ్లు దాటినా సముద్రం మాత్రం నోరు విప్పలేదు. ఆ సముద్రం ఒడ్డునే, ప్రతి ఉదయం బీచ్ రోడ్డుకు నడకకు వచ్చే పెద్దమనుషులు తమ షుగరు లెక్కలను, తినక ముందొకటి, తిన్న తర్వాతొకటి చొప్పున, ఎదురుపడిన వారందరికీ నివేదిస్తూ ఉంటారు. ఔషధ గోప్యం ఆ విధంగా కాళీమాత గుడి దాటకుండానే కడతేరుతుంది. ఆయువు మాత్రం భద్రం: వయసెంతని అడిగితే, రిటైరై కొన్నాళ్లయిందని సెలవిస్తారు.

సింహాచలం అప్పన్న ఏడాది పొడవునా చందనం మాటున ఉండి, వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రమే నిజరూప దర్శనమిస్తాడు గనుకనే ఆ రోజు కొండ మీద ఇసుక వేస్తే రాలనంత జనం. మనం రోజూ నిజరూపంలోనే తిరుగుతాం. ఎవరు క్యూ కడతారు?

అయితే గుట్టు దాచడంలో ఒక ప్రమాదం ఉందని అనుభవం మీద గ్రహించాను. పై అంతస్తు వారి అమ్మాయి సంబంధం తప్పిపోయిందని ఒకావిడ మా ఇంట్లో "ఎవరితోనూ అనకండి వదినగారూ" అని ఒట్టు వేయించుకుని చెప్పగా, మేమిద్దరం నిజంగానే ఎవరితోనూ అనలేదు. సాయంత్రానికి ఆ కబురు రైతుబజారులో వంకాయల బేరం మధ్యకు చేరింది. వారం తిరిగేసరికి అమ్మాయి వారి పరువుకు ఏమీ కాలేదు; మాకు మాత్రం ఇరుగుపొరుగు పట్టని మనుషులన్న పేరు స్థిరపడింది. చెప్పినవారు అయినవారయ్యారు, దాచినవారు గర్విష్ఠులయ్యారు.

1969 నుంచి 2001 దాకా నీటి అడుగున గుట్టుగా కొలువు చేసిన మన జలాంతర్గామి కురుసుర ఇప్పుడు రామకృష్ణా బీచ్‌లో గట్టెక్కి, టిక్కెట్టు కొన్న ప్రతివారికీ తన పడకలూ వంటగదీ చూపిస్తోంది. దాని గుట్టు అలా బయటపడడానికి 30 ఏళ్లకు పైగా పట్టింది. మా ఇంటి అప్పు సంగతి వాచ్‌మన్ గది నుంచి అయిదో అంతస్తుకు చేరడానికి, ఆ వేళ లిఫ్టు పాడై ఉన్నందువల్ల, ఒక పూర్తి రోజు పట్టింది.