రిసెప్షన్‌కు జాజే శాస్త్రోక్తం

తిరుపతిలో పెళ్లంటే ముందురోజు సాయంత్రం రిసెప్షన్, తెల్లారుజామున ముహూర్తం. ఆ రిసెప్షన్‌లో పాటకచ్చేరి పెట్టించే పెద్దలు ఏళ్ల తరబడి ఒకే తప్పు చేస్తున్నారు. జనానికి తెలిసిన పాటలు పాడిస్తున్నారు! తెలిసిన పాట చెవిన పడితే ఫొటో వరసలో నిలబడ్డవాడు కూనిరాగం తీస్తాడు, చదివింపుల కవరు మీద పేరు రాయడం మరిచిపోతాడు. పెళ్లివారికి ఇది లెక్కకందని నష్టం. కాబట్టి తిరుచానూరు రోడ్డులోని కల్యాణ మండపాలన్నిటికీ మా సిఫారసు ఎలక్ట్రిక్ జాజ్ చతుష్టయం. జాజ్ అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే అమెరికా సంగీతం. శాక్సఫోన్, గిటారు, బేస్ గిటారు, డ్రమ్స్. నలుగురే, టిఫిన్ కూపన్లు కూడా నాలుగే.

ఇదేదో నిన్నటి పిల్లచేష్ట అనుకోకండి. 1969లోనే అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన బృందంలో ఇద్దరు బేస్ వాద్యకారుల్నీ, ఒకటికి మించి ఎలక్ట్రిక్ పియానోల్నీ కూర్చోబెట్టి జాజ్‌కు కరెంటు పెట్టాడు. 1986లో లాస్ట్ ఎగ్జిట్ అనే చతుష్టయం రిహార్సల్ ఊసే లేకుండా స్టేజీ ఎక్కేసింది. మన పెళ్లిళ్లలో స్వాగతోపన్యాసాలకు ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉన్నదే.

ముందు ఈ సంగీతంలో వినబడాల్సిన చీకటి సంగతి. బేస్ గిటారు నాలుగు స్వరాల ముక్కను పట్టుకుని పది నిమిషాలు వదలకూడదు. ఏడు దెబ్బల మిశ్రచాపు తాళంలో, మూడు నాలుగుగా విరిచి, షడ్జమంలో బయల్దేరి ప్రతిమధ్యమం దాకా వెళ్లి, పంచమాన్ని ముట్టకుండా వెనక్కి రావాలి. పంచమం తగిలిందా, నట్టింట్లో ట్యూబులైటు వేసినట్టే. నిమిషానికి 80 దెబ్బల నడక చాలు. డ్రమ్మరు వెంట్రుకవాసి వెనక కొట్టాలి, ముందుకు తోసుకొస్తే అది బారాత్ అవుతుంది. గిటారుకు ప్రతిధ్వని పుట్టించే డిలే పెడల్ కోసం నిమిషంలోని 60,000 మిల్లీసెకన్లను 80తో భాగించండి, దెబ్బకు 750 మిల్లీసెకన్లు. అందులో ముప్పావు, అంటే 562 దగ్గర పెడితే ప్రతిధ్వని దెబ్బల మధ్య సందుల్లో పడుతుంది. నోటిలెక్కన 600 పెడితే డ్రమ్స్‌తో కొట్లాటే. మైక్‌సెట్ అతను మాత్రం అంతా విని, "ఎకో తక్కువైంది స్వామీ" అని తన వంతు తాను కలుపుతాడు. ఆయన్ను ఆపే శక్తి ఏ సంగీతానికీ లేదు.

కరెంటు విషయంలో మాత్రం పరిహాసం వద్దు. గిటారు యాంప్లిఫయర్ (యాంప్) ఒక ప్లగ్గులో, మిక్సర్ హాలు ఆ చివర ఇంకో ప్లగ్గులో పెడితే రెండు ఎర్తుల మధ్య లూపు పడి 50 హెర్ట్జ్ గుర్రుమంటుంది. అన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు లాగండి. ఎర్త్ పిన్ను పీకేసి గుర్రు ఆపే మహానుభావులున్నారు, వాళ్లు గిటారు తీగ ముట్టుకునేటప్పుడు మీరు దూరంగా ఉండండి. 9 వోల్టుల పెడళ్లకు మామూలుగా మధ్యలో నెగటివ్ ఉంటుంది. చేతికందిన అడాప్టర్ గుచ్చితే, అందులో మధ్యలో పాజిటివ్ ఉంటే, పెడల్ అక్కడే కాలిపోవచ్చు. ఇక స్టేజీ పలకల కింద బోలు. బేస్ అడుగు తీగ 41 హెర్ట్జ్, యాంప్‌ను నేరుగా పలకల మీద పెడితే వేదికే మోగుతుంది, వధువు కుర్చీ కదులుతుంది. మందపాటి స్పాంజి మీద ఎత్తి పెట్టండి.

అసలు కష్టం స్వేచ్ఛ దగ్గర. తాళం వదిలేసి మనోధర్మంతో వాయించడమంటే నలుగురూ తలో దారిన పోవడమని కుర్రాళ్ల నమ్మకం. నలుగురూ ఒక్కసారే మొదలుపెడితే ఎవడి వాయిద్యం వాడికి వినబడక తలా ఒక పాయింటు వాల్యూమ్ పెంచుతారు. డ్రమ్స్‌కు పెంచే మీట లేదు, చేతులే ఉన్నాయి, గెలుపు ఆయనదే. ఇద్దరు వాయిస్తుంటే మిగతా ఇద్దరు ఊరుకోవాలి. ఊరుకోవడం నేర్పే మాస్టరు ఈ ఊళ్లో ఇంకా బోర్డు కట్టలేదు. రెండో గండం భయం. తాళం లేని చోట వేళ్లు వాటంతటవే తెలిసిన రాగంలోకి జారతాయి, గిటారిస్టు మెల్లగా మోహనంలో తేలతాడు. ముందు వరసలో ఒక పెద్దాయన గుర్తుపట్టి తల ఊపాడంటే మన ఆశయం మంట కలిసినట్టే.

మళ్లీ అందరూ ఒక్క దెబ్బలో గ్రూవ్‌లోకి, అంటే తాళం పట్టిన నడకలోకి, రావడానికి సైగ కావాలి. బుచ్ మారిస్ అనే అమెరికా సంగీతకారుడు 1985 నుంచి చేతి సైగలతో బృందాలను అప్పటికప్పుడు నడిపి పేరు తెచ్చుకున్నాడు. మన ముహూర్తం చూడండి. నాదస్వరం ఆలాపన మధ్యలో ఉంటుంది, పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం" అంటాడు. రాగం ఎక్కడిదక్కడ తెగుతుంది, డోలు తాళం గీళం లేకుండా విరుచుకుపడుతుంది, మూడు ముళ్లూ పడేదాకా ఆగదు. ఎందుకయ్యా అంటే తుమ్మూ అపశకునపు మాటా వినబడకూడదని. అంటే ఏదీ వినబడకుండా చేయడానికి సంగీతం పెట్టే శాస్త్రం మనదే. చతుష్టయం వాళ్లు ఒక పెళ్లిళ్ల సీజనంతా డోలు విద్వాంసుడి వెనక కూర్చుని, ఆయన కళ్లు ఎక్కడుంటాయో చూసి రావాలి. చేతుల సంగతి తర్వాత.

చివరగా డబ్బు. లౌడ్‌స్పీకర్లు రాత్రి 10కి ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి, కాబట్టి ఏడింటికే మొదలుపెట్టండి. మొత్తం రుసుము మొదలుపెట్టకముందే తీసుకోండి. తొమ్మిదిన్నరకు పెళ్లికూతురు మేనమామ పాన్ నములుతూ వచ్చి, "ట్యూనింగ్ అయిపోయుంటే ఇంక పాటలు అందుకోండప్పా, జనం భోజనాలకు లేస్తా ఉండారు" అంటాడు.