తగ్గింపులో మమ్మల్ని మించినోళ్ళు లేరండి

ఈమధ్య మన చర్చి యూత్‌కి ఒక అనుమానం పట్టుకుంది, సంఘాల్లో గర్వం పెరిగిపోతుందంట, తగ్గింపు, అదేనండి వినయం, ఎక్కడా కనపడట్లేదంట. కనపడకపోవడమేంటండీ బాబూ, గుంటూరు నుంచి ఏలూరు దాకా రోడ్డు పక్కన ఏ సువార్త కూటాల ఫ్లెక్సీ అయినా చూడండి, నిలువెత్తు ఫొటో, సూటు, చేతిలో బైబిలు, దాని కింద పసుపు అక్షరాల్లో "బలముగా వాడబడుతున్న అల్పుడైన దాసుడు" అని బస్సులో పోయేవాడికి కూడా కనపడేలా రాసుంటది. ఇంకెంత పెద్దగా తగ్గమంటారు మనిషిని?

ప్రభువు పేరేమో పైన మూలకి చిన్నగా ఉందని ఇంకో వంక. "ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది" అని బాప్తిస్మమిచ్చు యోహాను గారు అన్నమాట నిజమే, కాదనం. కానీ ఆయన ఉన్నది అరణ్యంలో, మిడతలూ అడవితేనె తిని బతికారు, ఆయనకి చందాలు ఇచ్చినవాళ్ళు లేరు. మనకి ఆ చందాలు ఇచ్చిన అన్నలవీ తమ్ముళ్ళవీ పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు కిందంతా వేసేసరికి ప్రభువుకి మిగిలిన చోటు అంతే, ఏం చేస్తాం, ఆయన సర్దుకుంటారు, ఆయనకి అలవాటే.

అసలు ఎవరి తగ్గింపు గురించి వాళ్ళే రాసుకోవడం ఏంటని అడిగేవాళ్ళు సంఖ్యాకాండం 12:3 తియ్యండి. మోషే భూమిమీదనున్న వారందరిలో మిక్కిలి సాత్వికుడు అని ఉంటది. ఆ పుస్తకం ఎవరు రాశారని మనకి సండే స్కూల్లో చెప్పారు? మోషే గారే కదా. (ఆ ముక్క తర్వాత ఇంకెవరో చేర్చారని కొందరు పండితులు అంటారు, వాళ్ళకి కూటాలు పెట్టే కష్టం తెలీదు లెండి.)

కాకపోతే ఇందులో జాగ్రత్తలు ఉన్నాయి. మా పక్కూరి కూటాల్లో మీటింగ్ నడిపించే తమ్ముడు, పాపం కొత్తోడు, కరపత్రంలో ఉన్నది ఉన్నట్టు చదివేశాడు, "ఇప్పుడు అయోగ్యుడైన దాసుడు గారు వాక్యం అందిస్తారు" అని. రెవరెండ్ లేదు, డాక్టర్ లేదు, అంతర్జాతీయ లేదు. అయ్యగారు స్టేజీ వెనక అరగంట ప్రార్థనలో ఉండిపోయారు. పెద్దలు వెళ్ళి బతిమాలితే "నాకేం లేదమ్మా, నేను ధూళిని, కానీ దేవుడిచ్చిన డాక్టరేట్‌ని అవమానిస్తే ఆయన ఊరుకోడు కదా" అన్నారంట. దాంతో తేలిందేంటంటే, అయోగ్యుడు అనే మాట ఆయన అనుకోవాలి గానీ మనం అనకూడదు.

తగ్గింపు అంటే గుడ్‌ఫ్రైడే ముందు గురువారం చూడాలండి, ప్రభువు పన్నెండు మంది శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా కాళ్ళు కడిగే ఆరాధన. పన్నెండు మందిని ఎంచడానికే కమిటీలో పెద్ద గొడవ, పేరు రాలేదని పోయినసారి ఒక పెద్దాయన ఈస్టర్ కానుక ఇవ్వలేదు. పేరు వచ్చినవాళ్ళకి ముందే వాట్సాప్‌లో మెసేజ్, దయచేసి ఇంటి దగ్గరే సబ్బుతో శుభ్రంగా కడుక్కుని గోళ్ళు తీసుకుని సాక్సులు వేసుకుని రాగలరు అని. పళ్ళెం స్టీలుది, తువ్వాలు కొత్తది, రేటు స్టిక్కర్ కూడా తియ్యలేదు. అయ్యగారు మెత్త మీద మోకాళ్ళేసి మొదటి పాదం మీద నీళ్ళు పోయగానే ఫొటోగ్రాఫర్ "అయ్యగారూ తల కొంచెం ఎత్తండి, మొహం రావట్లేదు, నీళ్ళు ఇంకోసారి పొయ్యండి" అన్నాడు, పోశారు. కడిగిన కాళ్ళనే మళ్ళీ కడగడం, అది కదా నిజమైన సేవ! అయిపోయాక ఆ ఒలికిన నీళ్ళు తుడిచేది గుడి ఊడ్చే ముసలామె. ఆమె కాళ్ళు ఎప్పుడూ లిస్టులోకి రాలేదు, ఆమెని వంగి పలకరించాల్సిన అవసరం కూడా ఎవరికీ పడలేదు.

పాతకాలం వాళ్ళకి ఈ పద్ధతులు తెలీవండి. పంజాబ్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో హెబ్రోను అనే సంఘం నడిపిన భక్త్ సింగ్ గారు 2000లో చనిపోయేదాకా జనానికి బ్రదరే, రెవరెండ్ అంటించుకోలేదు. ఆ కూటాల్లో అందరూ కిందే చాపల మీద, ప్రేమవిందుకి కూడా వరసగా కిందే. అసలు తగ్గాలంటే ముందు ఎత్తు ఉండాలా వద్దా? అందుకే మేము స్టేజీ మీద ఎర్ర వెల్వెట్ కుర్చీ వేస్తాం, అందులోంచి దిగితే అప్పుడు నలుగురికీ తెలుస్తది.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల మహాసభలో, తర్వాత దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు లేచి మిషనరీ దొరల ముందే చెప్పారు, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అని. దొరలు మనల్ని పక్కన కూర్చోబెట్టుకోలేదని అప్పటి బాధ. ఇప్పుడు దొరలు లేరు, ఆ కుర్చీ మాత్రం ఖాళీగా ఉంచడం ఎందుకని మనవాళ్ళే కూర్చున్నారు. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గర అందరం ఒక్కటే, సంబంధాల దగ్గరికొచ్చేసరికి "అమ్మాయి రక్షణ పొంది ఉండాలి, మావాళ్ళే అయ్యుండాలి" అని చిన్న కండిషన్, అంతే, దాన్ని గర్వం అంటే ఎట్లా.

అన్నిటికన్నా బాగా వంటబట్టింది లూకా 14. విందుకి పిలిస్తే అగ్రపీఠం మీద కూర్చోవద్దు, కడపటి చోటులో కూర్చో, పిలిచినవాడు వచ్చి స్నేహితుడా పైకి రా అంటాడు అని ప్రభువు చెప్పారు. మనవాళ్ళు దీన్ని అక్షరాలా పాటిస్తారు. పాటలు అయ్యేదాకా కారులోనే ఉండి, జనం నిండాక వచ్చి, ఆఖరి వరసలో ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుని, మైకు వైపే చూస్తా ఉంటారు. "వెనకాల కూర్చున్న అయ్యగారు దయచేసి వేదిక మీదకి రావాలి" అనగానే వద్దు వద్దని చెయ్యి ఊపాలి, రెండోసారికి గుండె మీద చెయ్యి పెట్టుకోవాలి, మూడోసారికి లేవొచ్చు. మొదటిసారికే లేస్తే గర్వం, మూడోసారికీ లేవకపోతే నాలుగోసారి పిలవరు.

మొన్న డిసెంబర్ కూటాల్లో ఒకాయన విషయంలో ఘోరం జరిగింది. ఆయన వెనక కూర్చున్నారు, మైకు దగ్గర తమ్ముడు చూసుకోలేదు, మూడు గంటలు అక్కడే, ముగింపు ప్రార్థన కూడా వేరే ఎవరో చేశారు. తెల్లారి ఆరింటికే కమిటీకి ఫోన్, నేను వెనక కూర్చుంటే వెనకే ఉంచేస్తారా, ఇదేనా మీ సంఘానికున్న తగ్గింపు అని. న్యాయమే కదా!

అందుకని ఈ ఏడు ఆఖరి వరస కుర్చీలకి పేర్లు రాసి అంటించాలని కమిటీ తీర్మానం చేసింది, ఎవరూ మిస్సవకుండా. పదిహేను కుర్చీలూ అప్పుడే అయిపోయినాయి, రికమండేషన్లు కూడా వస్తున్నాయి. ఒకాయనైతే నాకు ఆ వరస కూడా ఎక్కువే, షామియానా బయట జనరేటర్ పక్కన వెయ్యండి చాలు అన్నారు. కాకపోతే లైవ్ కెమెరా అక్కడిదాకా తిరుగుద్దో లేదో ఒకసారి కనుక్కుని చెప్పమన్నారు.