కాలేజీ యాప్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కాలేజీ యాప్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. మిమ్మల్ని తెరవగానే ముందు లోగో గిరగిరా తిరుగుతుంది. తర్వాత ఛైర్మన్ గారు చేతులు కట్టుకుని దర్శనమిస్తారు. ఆయన వెనకే ర్యాంకుల బ్యానర్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ జారుతాయి. అడ్మిషన్ల కోసం వచ్చే తల్లిదండ్రులకు చూపించాల్సినవి, ఇప్పటికే ఫీజు కట్టి చేరిపోయిన పిల్లాడికి ఎందుకు స్వామీ?

వాడు మీ గడప తొక్కేది మూడు పనుల మీదే: అటెండెన్స్ ఎంతుంది, తర్వాతి క్లాసు ఏ గదిలో, రిజల్ట్ వచ్చిందా. ఆ మూడింటినీ మీరు పై మూల మూడు గీతల వెనక, అటక మీద పచ్చడి జాడీల్లా దాచారు. బస్సులో ఒక చేత్తో రాడ్డు పట్టుకున్నవాడి బొటనవేలు అక్కడికి అందదు. అడుగున ఆ మూడింటికీ, మిగతావాటన్నిటికీ కలిపి నాలుగు బటన్ల పట్టీ ఒకటి వేస్తే చాలు. ఒక్కో బటన్ 48 డీపీకి (డీపీ అంటే ఆండ్రాయిడ్ తెర మీద కొలిచే ప్రమాణం), అంటే సుమారు 9 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

లాగిన్ సంగతి మరీ ముచ్చట. జేఎన్‌టీయూ రోల్ నంబరులో అంకెల మధ్య ఇంగ్లీషు 'ఏ' ఉంటుంది. మీరు తెరిచేది అంకెల కీబోర్డు! పోనీ ఎక్కడినుంచో కాపీ చేసి అతికిస్తే, చివర ఖాళీ ఉందనో, చిన్న 'ఏ' పెట్టామనో 'ఇన్‌వ్యాలిడ్' అంటారు. ఖాళీ తీసేయడం, పెద్దక్షరం చేయడం మీ పని, వాడిది కాదు. ఇక పుట్టినతేదీ క్యాలెండరు ఈ నెలతోనే మొదలవుతుంది. ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలంటే బాణం గుర్తు 240 సార్లు నొక్కాలి. మూడు చిన్న గడులిస్తే టకటకా కొట్టేస్తాడు కదా.

అన్నీ దాటి అటెండెన్స్ దగ్గరికొస్తే ఆరు రంగుల గుండ్రటి చార్టు, నడుమ '68.00'. ఆ రెండు సున్నాలు ఎవరికోసం? వాడికి కావాల్సింది వేరే లెక్క. 100 క్లాసుల్లో 68కి వెళ్లినవాడు 75 శాతం చేరాలంటే వరసగా ఇంకో 28కి పోవాలి. 82కి వెళ్లినవాడు 9 ఎగ్గొట్టినా గండం లేదు. ఈ ఒక్క వాక్యం రాయండి, చార్టు అక్కర్లేదు. 65 శాతానికీ 75కీ మధ్య ఉంటే తగ్గిన హాజరును మన్నించడానికి కట్టే కండోనేషన్ ఫీజని, అంతకన్నా తగ్గితే పరీక్ష రాయనివ్వకుండా ఆపేసే డిటెన్షనని కూడా అక్కడే చెప్పేయండి. బంకు కొట్టడానికి ప్రోత్సాహమంటారా? ఆ లెక్క నోటు పుస్తకం వెనక ఎలాగూ వేసుకుంటున్నారు.

మీ తెల్లటి తెర మీద లేతపసుపు అక్షరాలు ఎండలో కనబడవు. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి. తెలుగు వెర్షన్ పెట్టినందుకు దండం. కానీ లైను ఎత్తు ఇంగ్లీషు కొలతకే బిగించడంతో వత్తులు తెగిపోయి 'ప్రాక్టికల్స్' కాస్తా 'పాకికల్' అయింది. కాస్త చోటివ్వండి, వత్తులు ఊపిరి పీల్చుకుంటాయి.

సిగ్నల్ లేని ల్యాబులో 'సమ్‌థింగ్ వెంట్ రాంగ్' అని చేతులెత్తేయకండి. చివరిసారి తెచ్చుకున్న టైంటేబుల్‌ను ఫోన్‌లోనే దాచి, ఎప్పటిదో వేళ వేసి చూపించండి.

మిమ్మల్ని కట్టినవారికి ఒక మాట: డెమో ఛైర్మన్ గారి కొత్త ఐఫోన్‌లో కాదు, తెర పగిలిన పాత ఆండ్రాయిడ్‌లో పెట్టండి. వేర్వేరు బ్రాంచీల పిల్లలు ఐదుగురికి ఇచ్చి, 'రేపు మొదటి క్లాసు ఏదో చెప్పు' అనండి. ఆపైన నోరు మెదపకండి.

ఇట్లు,
టైంటేబుల్ స్క్రీన్‌షాట్ కోసం ఇప్పటికీ క్లాసు వాట్సాప్ గ్రూపులో వెతుక్కునే
తమ వినియోగదారులు