కంప్యూటర్ జోలికి పోకండి, ముందు మోడెం సంగతి చూడండి

నిన్న నా కంప్యూటర్లో విండోస్ మొత్తం చెరిపేసి మళ్లీ ఎక్కించాను. ఎందుకంటే ఇంటర్నెట్ రావట్లేదు. తీరా చూస్తే విండోస్ ఏ పాపం ఎరగదు. ఆ కడుపుమంటతో రాస్తున్నాను, పొడుగ్గానే ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

కేబుల్ మోడెం, అంటే టీవీ కేబుల్ మీదుగా ఇంటర్నెట్ తెచ్చే డబ్బా, పెట్టుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. గోడ దగ్గర నుంచి వచ్చే గుండ్రటి కేబుల్‌ని మోడెం వెనక బిగించాలి, మోడెం నుంచి ఈథర్నెట్ వైరు కంప్యూటర్‌కో రౌటర్‌కో పెట్టాలి, కరెంటు ఇవ్వాలి. డబ్బాలో వచ్చే కాగితం మీద కూడా మూడు బొమ్మలే ఉంటాయి. ఆ బొమ్మల్లో చెప్పకుండా వదిలేసినవే మన ప్రాణం తీస్తాయి.

మోడెంకి పట్టుదల ఎక్కువ. చాలా కనెక్షన్లలో కరెంటు ఇచ్చాక మొదట తగిలించిన పరికరం మ్యాక్ అడ్రస్‌ని (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) గుర్తుపెట్టుకుని కూర్చుంటుంది, ఇంకోదాన్ని పలకరించదు. నేనేం చేశానంటే, ముందు కంప్యూటర్‌కి తగిలించి నెట్ వచ్చిందని సంబరపడి, అదే వైరు పీకి కొత్త రౌటర్‌కి పెట్టాను. రౌటర్‌కి ఐపీ (నెట్‌లో వాడుకునే అడ్రస్) రాదు. మళ్లీ కంప్యూటర్‌కి పెడితే శుభ్రంగా వస్తోంది, ఇంకేముంది, రౌటరే దొంగ అని తేల్చేసి దాన్ని మూడుసార్లు రీసెట్ చేశాను. చేయాల్సిందల్లా మోడెం కరెంటు తీసి, ఒక నిమిషం ఆగి, రౌటర్ తగిలించి మళ్లీ ఇవ్వడం. (ఫోన్ లైన్ కూడా ఉన్న కొన్ని మోడెంలలో బ్యాటరీ ఉంటుంది, ప్లగ్గు పీకినా అది బతికే ఉంటుంది, బ్యాటరీ కూడా తీయాలి.) ఇచ్చాక రెండు మూడు నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేయాలి. అది కిందికి వచ్చే ఛానల్ వెతుక్కోవాలి, పైకి పంపే ఛానల్ పట్టుకోవాలి, తనకో అడ్రస్ తెచ్చుకోవాలి, సెట్టింగుల ఫైలు దించుకోవాలి, అప్పుడు గానీ ఆన్‌లైన్ లైటు మిణుకుమిణుకుమనడం మానదు. నాలాంటి ఆత్రగాళ్లు అర నిమిషానికే మళ్లీ స్విచ్ ఆపేస్తారు, అది మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది.

సరే, రౌటర్ పనిచేసింది. రెండు రోజులకి అసలు కథ మొదలైంది. నెట్ వస్తుంది, పోతుంది, గంటకోసారి ఆ ఆన్‌లైన్ లైటు మిణుకుమిణుకుమంటుంది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఒకటే మాట, కంప్యూటర్ రీస్టార్ట్ చేశారా సార్? బాబూ, ఆరిపోయి వెలుగుతున్నది మోడెం మీద లైటు, మధ్యలో కంప్యూటర్ ఏం చేసింది? రౌటర్ తీసేసి నేరుగా మోడెంకి పెట్టి చూడమన్నారు. పెట్టాను. 169.254తో మొదలయ్యే ఐపీ వచ్చింది. దాని అర్థం తెలిస్తే నిన్న నా రోజు మిగిలేది. అడ్రస్ ఇవ్వండి అని కంప్యూటర్ అడిగింది, అవతల నుంచి ఎవరూ పలకలేదు, దాంతో తనంతట తనే ఓ అడ్రస్ పెట్టుకుంది. అంటే తన వంతు పని అది చేసేసింది పాపం. నాకేమో అక్కడ తప్పు కనబడింది, డ్రైవర్ తీసి వేశాను, చివరికి ఫార్మాట్ కొట్టాను. ఫార్మాట్ అయ్యాక కూడా అదే 169.254.

అప్పుడు బుద్ధి వచ్చి బ్రౌజర్లో 192.168.100.1 కొట్టాను. చాలా కేబుల్ మోడెంల సొంత పేజీ అక్కడే ఉంటుంది. కేబుల్ మోడెంలు పనిచేసే పద్ధతిని నిర్ణయించే డాక్సిస్ ప్రమాణం 1997లో వచ్చింది, ఇన్నేళ్లలో ఈ ఒక్క ముక్క మామూలు మనిషికి చెప్పాలని ఈ కంపెనీల వాళ్లకి ఎందుకు తోచదో! అందులో కిందికి వచ్చే సిగ్నల్ పవర్ మైనస్ 13 dBmV (సిగ్నల్ బలాన్ని డెసిబెల్స్‌లో కొలిచే లెక్క) ఉంది. సున్నాకి అటూ ఇటూ 7 లోపల ఉంటే హాయి. సిగ్నల్‌కీ నాయిస్‌కీ (అనవసరపు గోలకీ) ఉన్న నిష్పత్తి 28 డెసిబెల్స్, అది 33 దాటి ఉంటే మంచిది. పైకి పంపడానికి మోడెం 53 దాకా గొంతు చించుకుంటోంది. ఇంతలా అరవాల్సి వస్తోందంటే దారిలో ఏదో సిగ్నల్‌ని మింగేస్తోందన్నమాట.

టీవీ స్టాండు వెనక్కి దూరి చూస్తే రెండు స్ప్లిటర్లు (ఒక కేబుల్‌ని రెండుగా చీల్చే ముక్కలు), ఒకదాని వెనక ఒకటి. రెండోదానికి ఒక వైపు ఏమీ తగిలించి కూడా లేదు, ఉత్తినే వేలాడుతోంది. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కోటి 3.5 డెసిబెల్స్ తినేస్తుంది, అంటే వచ్చిన సిగ్నల్లో సగానికి పైనే. దానికి తోడు చివరి కనెక్టర్ చేత్తో తిప్పితే తిరిగేంత వదులుగా ఉంది. రెండూ పీకేసి కేబుల్ నేరుగా మోడెంకి తెచ్చి గట్టిగా బిగించాను. మైనస్ 13 కాస్తా మైనస్ 6 అయింది, 53 కాస్తా 46. నిన్న రాత్రి నుంచి లైటు కదల్లేదు.

పది నిమిషాల పని. విండోస్‌తో పాటు చెరిగిపోయిన ప్రింటర్ డ్రైవర్ మాత్రం ఇంకా దొరకలేదు.