పదకొండు చేతులు, ఒక కానుగ మొక్క

జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినం వచ్చిందంటే చిత్తూరు పడమటి మండలాల్లో మహిళా నాయకత్వం ఇరవై అడుగుల వెడల్పున మొలుస్తుంది. ‘పర్యావరణ రక్షణలో మహిళల ముందడుగు’ అని ఫ్లెక్సీ. 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ ప్లాస్టిక్ బ్యానర్లను 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు గదా, చట్టానికి కట్టుబడి మందమైనదే కొట్టిస్తారు. దాని మీద పది మగ తలకాయలు. మూలన పోస్టల్ స్టాంపంత ప్రెసిడెంటమ్మ. సర్పంచ్ పదవుల్లో సగం ఆడవాళ్లకని చట్టముంది గనక ఆ స్టాంపైనా పడింది. ఊళ్లో ప్రెసిడెంటంటే మాత్రం ఆమె మొగుడే. సంతకం ఆమెది, ఫోను ఆయనది.

ఇక అసలు ఘట్టం. ఒక్క కానుగ మొక్కను పదకొండు చేతులు పట్టుకుంటాయి. పదకొండోది ఆమెది, అడుగున ఎక్కడో ఉంటుంది. ‘ఇట్ల చూడండన్నా’ అంటాడు ఫోటో అబ్బాయి. అందరూ అటు చూస్తారు, మొక్క గుంతలోకి జారుతుంది, నల్ల కవరుతో సహా.

‘కవరు తీయాల సామీ’ అంటుంది గుంత తవ్విన ఉపాధి కూలీ.

‘ఫోటో అయినాక తీద్దాం లేమ్మా.’

ఫోటో అయినాక టిఫిన్లు.

కవరు తీయకుంటే వేళ్లు అందులోనే చుట్టలు చుట్టుకుని, రెండో ఎండాకాలానికి మొక్క చస్తుంది. ఆ కూలీకి తెలుసు. రెండడుగుల గుంత తీసి, పైమన్ను వేరే పోసి, మాగిన పేడ ఎరువు బుట్టెడు, వేపపిండి పిడికెడు కలిపి పెట్టింది ఆమే. ఇక్కడ గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో. జూన్‌లో నాటితే నాలుగు నెలలు బిందెలు మోయాలి. మోసేదీ ఆమే.

తర్వాత ఉపన్యాసం. 1974 మార్చిలో, చిప్కో ఉద్యమం నాడు, హిమాలయాల్లోని రేణీ ఊళ్లో గౌరాదేవి 27 మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని, నరకడానికొచ్చినవాళ్లను ఆపి చెట్లకు అడ్డంపడిందని ముఖ్య అతిథి గొంతు జీరబోయేలా చెబుతాడు. ఆరోజు మగవాళ్లంతా నష్టపరిహారం కోసమని చమోలీ పట్నం వెళ్లారన్న ముక్క మాత్రం మింగేస్తాడు. అది చెబితే వేదిక మీద కూర్చునేదెవరు?

సిగ్గుండాలయ్యా! బోరు ఎండితే వరసలో నిలబడేది ఆడది. బోరెక్కడ వేయాలో, చెరువు పూడిక ఎప్పుడు తీయాలో తీర్మానం రాసేనాడు ఆమె మాట ఎవడికీ అక్కర్లేదు. శాలువాల పళ్లెం పట్టుకోవడానికైతే మైకులో పేరుపెట్టి పిలుస్తారు!

మర్నాడు ఆ ఫ్లెక్సీ ప్రెసిడెంటుగారి ఆవుల కొట్టానికి కప్పు అవుతుంది. బొమ్మలు లోపలివైపుకి. పొద్దున్నే పేడ తీస్తూ ప్రెసిడెంటమ్మ తలెత్తితే, పైనుంచి పది మంది చేతులు జోడించి నవ్వుతుంటారు.