ఫార్మ్స్‌లో టెస్ట్ గురించి
ఆన్‌లైన్‌లో ప్రశ్నలు పెట్టి జవాబులు తీసుకునే గూగుల్ ఫార్మ్స్‌లో టెస్ట్ పెడితే టీచర్‌కి దిద్దే పని తప్పుద్దని అంటుంటారు కదండీ, ఆప్షన్లలోంచి ఎంచుకునే బిట్ల వరకు నిజమే, పిల్లాడు సబ్మిట్ కొట్టగానే మార్కులొచ్చేస్తాయి. కానీ ఒక్క ముక్కలో జవాబు రాయమన్నామా ఇక తిప్పలే, సరైన జవాబుల కీలో మనం "గోదావరి" అని పెడితే "గోదావరి నది" అని రాసినోడికి సున్నా వేసేస్తది, అందుకని రాయడానికి వీలున్న రకాలన్నీ కీలో ఎక్కించాలి లేదా మళ్ళీ కూర్చుని చేత్తో సరిచేయాలి, ఇంక మిగిలిన టైమేది? నాకైతే అందరూ కలిసి ఒకే ఫైల్లో రాసుకునే గూగుల్ డాక్సే నయం, గ్రూప్ ప్రాజెక్ట్ ఇచ్చి, ఎప్పుడేం మార్చారో చూపించే వర్షన్ హిస్టరీ తెరిస్తే ఏ లైన్ ఎవరు రాశారో, ఎవరు ఊరికే పేరు తగిలించుకున్నారో రంగులతో సహా కనపడుద్ది 😀 మా క్లాసులో ఒక గ్రూపుది మొత్తం ఒక్క పిల్లే రాత్రి పదింటికి కూర్చుని రాసిందని అలాగే తెలిసింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పనికెళ్ళిపోయే పిల్లలకి మాత్రం ఇవన్నీ బళ్ళోనే చేయించాలండి, హోంవర్క్‌గా ఇస్తే కుదరదు.