గ్రంథాలయంలో మాట్లాడుకునే గది ఎక్కడ?

మా ఊరి శాఖా గ్రంథాలయంలో పొద్దున్నే దినపత్రికల బల్ల దగ్గరికి వచ్చేవారిలో కంటి ఆపరేషన్ చేయించుకున్న ఒక విశ్రాంత ఉద్యోగి ఉండేవారు. చిన్న అక్షరాలు ఆయనకు ఆనేవి కావు. పక్కన కూర్చునే స్నేహితుడు సంపాదకీయం, మిర్చి ధర, జిల్లా వార్తలు ఆయనకు వినపడేలా చదివేవారు. మధ్యమధ్యలో ఇద్దరూ ఆగి ఆ వార్త గురించి మాట్లాడుకునేవారు, ఎదుటి బెంచీ మీద ఉన్నవారూ ఒక మాట కలిపేవారు. కొన్నాళ్లకు, లోపల పోటీ పరీక్షలకు చదువుకునేవారికి ఇబ్బందిగా ఉందని వారిని బయట చదువుకోమన్నారు. బయట బల్ల లేదు, నీడా లేదు. వారిద్దరూ రావడం మానేశారు.

పరీక్షకు చదివే యువకుడికి నిశ్శబ్దం కావాలి, చూపు తగ్గిన పెద్దాయనకు చదివి వినిపించే గొంతు కావాలి. రెండూ న్యాయమైన అవసరాలే. ఉన్న ఒక్క గదినీ నిశ్శబ్దానికే రాసిచ్చి, రెండో అవసరం అసలు గ్రంథాలయానికి సంబంధించినదే కాదన్నట్టు ప్రవర్తించడం మాత్రం సరికాదు. తెలుగు రాష్ట్రాల్లోని పౌర గ్రంథాలయాలు పెద్దవాళ్లకు దూరమైపోవడానికి పుస్తకాల కొరత, టీవీ, సెల్‌ఫోన్ అంటూ చాలా కారణాలు చెబుతుంటాం. అన్నిటికంటే ముందు చెప్పుకోవలసిన కారణం ఒకటి ఉంది: మన గ్రంథాలయాలు మాట్లాడుకునే గదిని పోగొట్టుకున్నాయి.

తెలుగునాట గ్రంథాలయం పుట్టిందే నలుగురు కూడే చోటుగా. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయాన్ని, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయాన్ని నెలకొల్పినవారు బడిలోనూ సర్కారు కచేరీలోనూ చోటు దొరకని తెలుగుకు ఒక చావడిని కట్టాలనుకున్నారు. నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వుతో సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన రోజుల్లో, బహిరంగంగా కూడలేని జనానికి పఠనాలయమే సభాస్థలి అయింది. తెలంగాణలో తర్వాత వచ్చిన ప్రజా చైతన్యాన్ని గురించి రాసిన ప్రతి చరిత్రకారుడూ గ్రంథాలయాల ప్రస్తావన లేకుండా ముందుకు సాగలేకపోవడానికి కారణం ఇదే.

కోస్తాలోనూ కథ వేరుగా లేదు. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. ఆ పనికి ఇరుసుగా నిలిచిన అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా గ్రంథాలయ యాత్రలు నడిపించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమాన్నీ వయోజన విద్యనూ ఒకే కాడికి కట్టిన రెండు ఎడ్లలా నడిపారు. చదువురాని రైతుకు తలుపు మూసిన పుస్తకాల గది ఆయన దృష్టిలో గ్రంథాలయం కాదు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువల మీద పడవలో పుస్తకాలు తిప్పారు. పాఠకుడు రాలేని చోటికి గ్రంథాలయమే వెళ్లాలన్న ఆ పట్టుదల ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యం కలిగిస్తుంది, ఎందుకంటే వారి వెనుక గ్రంథాలయ చట్టం లేదు, పన్ను లేదు, జీతం తీసుకునే సిబ్బంది కూడా లేరు.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం ఈ ఆలోచనను ఒకచోట గట్టిగానే అమలు చేసి చూసింది. యునెస్కో సాయంతో ఏర్పడి, 1951 అక్టోబరు 27న జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా ప్రారంభమైన ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చే విభాగంతో పాటు సామాజిక విద్యా విభాగం కూడా ఉండేది. కొత్తగా అక్షరాలు నేర్చుకున్న పెద్దల కోసం చర్చా బృందాలు, నాటక బృందాలు, చలనచిత్ర ప్రదర్శనలు, ఉపన్యాసాలు ఆ విభాగం నిర్వహించేది. పెద్దవాళ్లను పుస్తకం దగ్గరికి తీసుకురావాలంటే ముందు మనిషి దగ్గరికి తీసుకురావాలని గ్రహించినవారు వేసిన ప్రణాళిక అది.

ఆ గ్రహింపు ఎంత నిజమో చెప్పడానికి ఢిల్లీ దాకా వెళ్లనక్కరలేదు, నెల్లూరు జిల్లా చాలు. 1990 దశకం మొదట్లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు రాత్రిపూట కూలిపని ముగించుకుని వచ్చిన మహిళలు లాంతరు వెలుగులో వాచకం చుట్టూ కూర్చునేవారు. ఆ వాచకంలో ఒక పాఠం సారా మానిపించడానికి ఏకమైన ఒక ఊరి ఆడవాళ్ల గురించి. పాఠం చదివి పుస్తకం మూసి ఇంటికి వెళ్లి ఉంటే అది అక్షరాస్యత లెక్కల్లో ఒక అంకెగా మిగిలిపోయేది. కానీ వాళ్లు ఆ పాఠం గురించి మాట్లాడుకున్నారు. మన ఊళ్లో సంగతేమిటని ఒకరినొకరు అడిగారు. 1992లో దూబగుంట మహిళలు సారా దుకాణానికి అడ్డం నిలబడటం, ఆ నిప్పు జిల్లా దాటి రాష్ట్రమంతా అంటుకోవడం, 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి రావడం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం రావడం ఈ తరం పెద్దలందరికీ తెలిసినవే. ఆ నిషేధం ఎంతకాలం నిలిచింది, ఎందుకు నిలవలేదు అన్నది వేరే వ్యాసానికి తగిన విషయం. ఇక్కడ గమనించవలసింది, అక్షరం చర్చగా మారడానికి ఒక చాప, ఒక లాంతరు, ప్రతి రాత్రీ తప్పకుండా కూడే ఒక వేళ సరిపోయాయని.

ఆ ఉద్యమం చల్లారిన తర్వాత ఆ మహిళలు ఎక్కడికి వెళ్లాలి? ఊరి గ్రంథాలయానికే వెళ్లాలి, వెళ్లగలిగి ఉండాలి. అక్కడికి వెళ్లాక వాళ్లను కూర్చోబెట్టి చదివించే మనిషి కానీ, వాళ్ల కోసం కేటాయించిన వేళ కానీ చాలా ఊళ్లలో లేకపోయింది. కొత్తగా వచ్చిన అక్షరాలు వాడుక లేక మళ్లీ జారిపోయాయి. నాకు అన్నిటికంటే బాధ కలిగించే నష్టం ఇదే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత సుమారు 67 శాతం, మహిళల్లో సుమారు 59 శాతం. పొదుపు సంఘంలో పదిహేనేళ్లుగా ఉన్న మహిళ కూడా సంఘం పుస్తకంలో తన పేరు ఎదురుగా ఉన్న అంకె సరైనదో కాదో పక్కవారిని అడగవలసి వస్తున్నదంటే, ఆ ఊరి గ్రంథాలయం ఆమెకు ఏం చేసిందని అడగడం అన్యాయం కాదు.

డబ్బు లేదనే జవాబు సిద్ధంగా ఉంటుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం జిల్లా గ్రంథాలయ సంస్థలను ఏర్పాటు చేసి, వాటికి ఆదాయ మార్గంగా గ్రంథాలయ పన్నును చూపించింది. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున ఆ పన్నును మనం కడుతూనే ఉన్నాం. ఎప్పుడూ పుస్తకం ముట్టని ఇంటివారూ కడుతున్నారు, గ్రంథాలయం గడప తొక్కని మహిళ ఇంటి నుంచీ వసూలవుతోంది. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసిన ఆ మొత్తాన్ని గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయకపోవడం ఏళ్ల తరబడి నడుస్తున్న వ్యవహారం. బకాయిలు రావాలి, సందేహం లేదు. అయితే వచ్చిన డబ్బు దేనికి ఖర్చవుతోందన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం. కొత్త భవనం, కొత్త కుర్చీలు, పోటీ పరీక్షల పుస్తకాలు కంటికి కనిపిస్తాయి, ప్రారంభోత్సవానికి పనికొస్తాయి. వారానికి రెండు సాయంత్రాలు జరిగే చదివి వినిపించే కూటమికి శిలాఫలకం ఉండదు.

గ్రంథాలయాన్ని పరీక్షల కేంద్రంగా మార్చుకున్న యువతను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ముందు తెల్లవారకముందే చేరే అభ్యర్థుల్లో ఎక్కువమంది కోచింగ్ ఫీజు కట్టలేక, అద్దె గదిలో ఊపిరాడక వచ్చినవాళ్లు. నోటిఫికేషన్ కోసం సంవత్సరాలు ఎదురుచూసే ఆ పిల్లలకు ఒక కుర్చీ, ఒక ఫ్యాను, ఒక దీపం ఇవ్వడం గ్రంథాలయం చేస్తున్న మంచి పనే. కానీ వాళ్లు చదివేది ఎక్కువగా సొంత పుస్తకాలు. గ్రంథాలయం వాళ్లకు ఇస్తున్నది చోటు మాత్రమే. ఆ చోటును ప్రభుత్వం అధ్యయన కేంద్రాల రూపంలో విడిగా ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. రాజ్యాంగం, బడ్జెట్, పంచాయతీరాజ్ చట్టం కంఠతా పట్టిన ఆ యువతే వారానికి ఒక గంట ఊరి పెద్దలకు సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో చెబితే, రెండు తరాలూ ఒకే కప్పు కింద ఒకరికొకరు పనికివస్తారు.

పెద్దవాళ్ల అవసరాలు కూడా మారాయి. భూమి రికార్డు, పింఛను, రేషన్ ఈకేవైసీ, ఆసుపత్రి అపాయింట్‌మెంట్, బ్యాంకు వ్యవహారం అన్నీ ఫోన్‌లోకి వెళ్లిపోయాయి. అరవై ఏళ్ల రైతు తన భూమి సాగు వివరాలుండే అడంగల్ నకలు చూసుకోవడానికి ఇంకొకరి ఫోన్‌ను, ఇంకొకరి ఓపికను నమ్ముకోవలసి వస్తోంది. 'డిజిటల్ అరెస్ట్' పేరుతో బెదిరించి డబ్బు కాజేసే ముఠాలకు చిక్కేవారిలో చదువుకున్న విశ్రాంత ఉద్యోగులు కూడా ఉన్నారు. అలాంటి ఫోన్ వస్తే ఏం చేయాలి, సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఎప్పుడు ఫిర్యాదు చేయాలి, ఓటీపీ ఎందుకు చెప్పకూడదు అన్నవి నలుగురిలో కూర్చుని, అడగడానికి సిగ్గుపడకుండా, ఒకటికి రెండుసార్లు చేసి చూసుకుంటేనే పట్టుబడతాయి. దానికి గ్రంథాలయం కంటే తగిన చోటు ఊళ్లో ఇంకొకటి లేదు. అది ఏ పార్టీ కార్యాలయమూ కాదు, ఏ కులం వారి సత్రమూ కాదు, లోపలికి రావడానికి ఎవరికీ డబ్బు కట్టనక్కరలేదు. 2020 జాతీయ విద్యా విధానం సైతం బడి వేళల తర్వాత పాఠశాలలను, పౌర గ్రంథాలయాలను వయోజన విద్యకు వాడుకోవాలని స్పష్టంగా చెప్పింది.

ఇది సాధ్యమేనా అన్న అనుమానం ఉన్నవారు కేరళను చూడవచ్చు. 1945లో పి.ఎన్. పణిక్కర్ పూనికతో 47 గ్రామీణ గ్రంథాలయాలు కలిసి మొదలుపెట్టిన సంఘం అక్కడ ఊరూరి అలవాటుగా పెరిగింది. అక్కడి గ్రంథాలయాల్లో పిల్లలకు, మహిళలకు, యువతకు వేర్వేరు వేదికలు పనిచేస్తాయి. ప్రభుత్వ గ్రాంటు కోసం గ్రంథాలయాలకు శ్రేణులు నిర్ణయించేటప్పుడు పుస్తకాల సంఖ్యతో పాటు ఆ ఏడాది జరిపిన కార్యక్రమాలను కూడా లెక్కలోకి తీసుకుంటారు. నాకు ఇందులో అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఆ లెక్కే. మన శాఖల్లో నేను చూసిన రిజిస్టర్లలో వచ్చినవారి సంతకాలు, ఇచ్చిన పుస్తకాల సంఖ్య ఉన్నాయి కానీ, ఈ నెలలో ఇక్కడ ఎవరు ఏ విషయం మాట్లాడారు, ఎందరు విన్నారు అని రాసుకోవడానికి ఒక గడి లేదు. రాయడానికి గడి లేని పనిని ఒంటరిగా శాఖ నడిపే గ్రంథపాలకుడు చేయలేదని నిందించలేం.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లివచ్చిన మన తల్లిదండ్రులు ఎంతోమంది అక్కడి పట్టణ గ్రంథాలయాల గురించి చెబుతారు. ఇంగ్లీషు సంభాషణ తరగతులు, పౌరసత్వ పరీక్షకు తర్ఫీదు, పన్ను పత్రాలు నింపడంలో సాయం, అల్లికల బృందం, పుస్తక చర్చ వంటివి అక్కడ మామూలు విషయాలు. కారు నడపడం రాక, పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే ఒక తెలుగు తల్లికి నడిచి వెళ్లగలిగిన దూరంలో మాట్లాడే మనుషులు దొరికే చోటు అదే అవుతుంది. ఆరు నెలల తర్వాత తిరిగివచ్చిన ఆమెకు సొంత ఊళ్లో అలాంటి చోటు లేకపోవడం తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

చేయవలసిన పని పెద్ద పథకమేమీ కాదు. చాలా శాఖా గ్రంథాలయాలు పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తెరిచి ఉంటాయి, మధ్యాహ్నం తాళమే. పొదుపు సంఘాల మహిళలకు వంటపని ముగిసి తీరిక దొరికేది సరిగ్గా ఆ వేళే. వారానికి రెండు మధ్యాహ్నాలు వాళ్ల కోసం తలుపు తెరిచి, ఆ అదనపు గంటలకు సిబ్బందికి వేతనం ఇవ్వాలి. చదివి వినిపించడానికి వరండాలో ఒక బల్ల వేయాలి. నెలకొకసారి వ్యవసాయ అధికారినో, బ్యాంకు ఉద్యోగినో, ఆరోగ్య కార్యకర్తనో పిలవాలి, వాళ్లు ఉపన్యాసం ఇచ్చి వెళ్లకుండా ప్రశ్నలకు జవాబు చెప్పేలా చూడాలి. ప్రతి జిల్లా గ్రంథాలయ సంస్థ తన బడ్జెట్‌లో వయోజన కార్యక్రమాలకు ఒక పద్దు విడిగా చూపించాలి. ఆ పద్దులో ఎంత ఖర్చయిందో శాఖ నోటీసు బోర్డు మీద అంటించాలి.

నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు ఏటా జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వ, ముగ్గుల పోటీలు, బడిపిల్లలకు బహుమతులు, చివరి రోజు సభ, ఫొటోలు. ఈసారి ఆ ఏడు రోజుల్లో మూడు సాయంత్రాలు పెద్దవాళ్లకు కేటాయించి, ఒకరోజు పత్రిక చదివి వినిపించి, ఒకరోజు ఫోన్‌లో భూమి రికార్డు చూపించి, ఒకరోజు పొదుపు సంఘం లెక్కల పుస్తకాన్ని దాని సభ్యుల చేతే చదివించవచ్చు. బ్యానర్లు విప్పేసిన 21వ తేదీ సాయంత్రం కూడా ఆ గది తలుపు తెరిచి ఉండాలి, లోపల గ్రంథపాలకుడు ఉండాలి, వరండాలో ఆ బల్ల ఉండాలి.